కటింగ్‌లో (కొవ్వు తగ్గించుకునే దశలో) కార్బ్స్ ఎన్ని, ఎప్పుడు? కెఫీన్, ఫ్యాట్ బర్నర్లు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు చూడండి

అమీర్‌పేట్_స్క్వాట్
ఒక ప్లాన్ పెడుతున్నాను, తప్పెక్కడుందో చెప్పండి. మగ, 29 ఏళ్లు, 80 కేజీలు. వారానికి నాలుగు రోజులు వెయిట్స్, సాయంత్రం 7 నుంచి 8.15 వరకు. అన్నం పూర్తిగా బంద్, కార్బ్స్ రోజుకి 60 గ్రాములు దాటవు. 6.30కి ప్రీ-వర్కౌట్ ఒక స్కూప్, అందులో కెఫీన్ 300 మి.గ్రా. మొదటి వారం 3 కేజీలు తగ్గింది, ఆ తర్వాత రెండు వారాలు కాంటా కదలలేదు. స్క్వాట్ 100 కేజీలకు 8 రెప్స్ (వరుసగా ఎత్తడాలు) వచ్చేవి, ఇప్పుడు 5. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. జిమ్‌లో చెప్పిన మందు ఏమిటంటే, కార్బ్స్ 30కి దించి, ఇంకా ఘాటు బర్నర్ వేసి, దాంతోపాటు షుగర్‌వాళ్లు వాడే డాపా మాత్ర రోజుకొకటి. షుగర్ జబ్బు లేదు.

జొన్నరొట్టె_లెక్క
ఆ మాత్ర మాత్రం ముట్టుకోకండి. ఎందుకో మందుల సంగతి తెలిసినవాళ్లు రాస్తారు, నేను తిండి లెక్క చెబుతాను.

మొదటి వారం పోయిన 3 కేజీల్లో కొవ్వు తక్కువ. కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (కార్బ్స్ నుంచి దాచుకున్న ఇంధనం) ఉంటుంది, కాలేయంలో ఇంకో 80 నుంచి 100. ప్రతి గ్రాము తనతోపాటు 3 గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. కార్బ్స్ ఒక్కసారిగా కోస్తే 400 గ్రాములు ఖాళీ అయ్యాయనుకోండి, నీళ్లతో కలిపి 1.6 కేజీలు అక్కడే పోయాయి. అన్నం మానితే పప్పు, కూర, పచ్చడి కూడా తగ్గుతాయి, ఉప్పు తగ్గుతుంది, దాంతో ఇంకొంచెం నీరు. అందుకే రెండో వారం కాంటా ఆగినట్టు కనిపిస్తుంది. నిజానికి కొవ్వు కరగడం మొదటి నుంచీ ఒకే వేగంతో, నెమ్మదిగానే సాగుతోంది.

ఇప్పుడు అంకెలు. 80 కేజీలకు, వారానికి నాలుగు రోజుల వర్కౌట్‌కి 2,000 కేలరీలతో మొదలుపెడదాం. ప్రొటీన్ 140 గ్రాములు, అంటే 560 కేలరీలు. కొవ్వు 55 గ్రాములు, సుమారు 495. మిగిలింది 945, నాలుగుతో భాగిస్తే 236 గ్రాముల కార్బ్స్. ఇది వారం సగటు. దీన్ని అన్ని రోజులకీ సమానంగా పంచక్కర్లేదు. వర్కౌట్ ఉన్న నాలుగు రోజులు 280, లేని మూడు రోజులు 175 తినండి. వారం మొత్తం అంతే వస్తుంది, కానీ బార్ ఎత్తే రోజున ఒంట్లో ఇంధనం ఉంటుంది.

60 గ్రాములతో ఈ వర్కౌట్ చేయడమంటే ట్యాంకు అడుగున బండి తోలడమే. 8 రెప్స్ సెట్‌కి ఇంధనం ప్రధానంగా గ్లైకోజెనే. కొవ్వు నుంచి శక్తి రావడానికి పట్టే సమయం ఆ 30 సెకన్లలో దొరకదు.

అంబర్‌పేట్_ఐరన్
లెక్క మంచిగుంది అన్నా. కానీ 280 అంటే ప్లేట్ల ఏం పెట్టాల్నో గూడ చెప్పుండ్రి. మందికి అంకె తెలుస్తది, వంట తెల్వదు.

జొన్నరొట్టె_లెక్క
నిజమే. అన్నీ వండకముందు తూకాలు.

పొద్దున 80 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు, మూడు గుడ్ల కూర. మధ్యాహ్నం 90 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల చికెన్ బ్రెస్ట్. సాయంత్రం 5 గంటలకు మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు. రాత్రి 9 గంటలకు మళ్లీ 90 గ్రాముల బియ్యం, 150 గ్రాముల చికెన్, 200 గ్రాముల పెరుగు. కార్బ్స్ వరుసగా 54, 86, 60, 79. మొత్తం 279. నాలుగు తెల్లసొనలు ఎక్కడో ఒకచోట కలిపితే ప్రొటీన్ 140కి చేరుతుంది. వంటనూనె రోజంతటికీ ఐదు టీస్పూన్లే. గరిటెతో పోస్తే ఇక ఈ లెక్కకి అర్థం లేదు.

వర్కౌట్ లేని రోజు సాయంత్రం ఇడ్లీ, అరటిపండు తీసేయండి, రాత్రి అన్నం బదులు 40 గ్రాముల పిండితో ఒక రొట్టె. 176కి వస్తుంది. మిగతా ఏదీ మార్చకండి.

జనం ఎక్కువగా తప్పేది అన్నం తూకం దగ్గర. పచ్చి బియ్యంలో 100 గ్రాములకు సుమారు 78 గ్రాముల కార్బ్స్. అదే వండాక నీళ్లు పీల్చి 280 గ్రాములు అవుతుంది, అప్పుడు 100 గ్రాముల అన్నంలో 28. ఫోన్ యాప్‌లో "రైస్ 90 గ్రాములు" అని కొడితే అది పచ్చిదా వండినదా అన్నది చూడరు. వండిన అన్నం 90 గ్రాములు తిని 70 కార్బ్స్ తిన్నామనుకుంటారు, నిజంగా తిన్నది 25. ఇంట్లో అందరికీ కలిపి కుక్కర్ పెడతారు కాబట్టి ఇలా చేయండి. మొత్తం బియ్యం ఎంత పోశారో రాసుకోండి. వండాక మొత్తం అన్నం తూచండి. 400 గ్రాముల బియ్యం 1,120 గ్రాముల అన్నం అయితే, 90 గ్రాముల బియ్యానికి మీ వాటా 252 గ్రాములు. పాత బియ్యం, కొత్త బియ్యం ఒకేలా నీళ్లు పీల్చవు, బస్తా మారినప్పుడు మళ్లీ తూచండి.

బార్‌బెల్_బోయిన్‌పల్లి
సాయంత్రం 5 గంటల తిండి గురించి ఒక మాట. జొన్న ఆరోగ్యానికి మంచిదే, కానీ వర్కౌట్‌కి గంట ముందు కాదు. 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంటుంది, కడుపులోనే కూర్చుంటుంది. స్క్వాట్‌లో బెల్టు బిగించి ఊపిరి పట్టగానే పుల్లటి తేన్పు గొంతులోకి వస్తుంది. నెయ్యి ఉప్మా, పూరీ, బజ్జీ కూడా అంతే, కొవ్వు కడుపు ఖాళీ కానివ్వదు. ఇడ్లీకి కొబ్బరి చట్నీ ఒక చెంచా చాలు, సాంబారు కలుపుకోండి. ఆఫీసు నుంచి నేరుగా జిమ్‌కి పోయేవాళ్లు 6.15కి రెండు అరటిపళ్లతో సరిపెట్టుకోవచ్చు.

ఉప్పు మర్చిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరు 40 డిగ్రీలు దాటుతుంది, చాలా జిమ్ముల్లో ఫ్యాన్లే దిక్కు. వర్కౌట్‌కి ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కేజీ తగ్గితే లీటరు చెమట పోయినట్టు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బాగా పనిచేస్తుంది.

ఫార్మా_డెస్క్
కెఫీన్ విషయం. వ్యాయామంలో పని చూపే మోతాదు కేజీ బరువుకి 3 నుంచి 6 మి.గ్రా. అని పరిశోధనలు చెబుతాయి. అయితే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి 300 మి.గ్రా. దాటొద్దంది. అదే సంస్థ అంకెల ప్రకారం 150 మి.లీ. ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, ఒక సర్వింగ్ టీలో 30 నుంచి 65. స్కూప్‌లోనే 300 ఉంటే, పగలంతా తాగిన మూడు చాయ్‌లు ఏ లెక్కలో పడతాయి?

కెఫీన్ సగం కరగడానికి సగటున ఐదు గంటలు. 6.30కి 300 తీసుకుంటే రాత్రి 11.30కి ఇంకా 150 ఒంట్లో ఉంటుంది, అంటే పడుకునే ముందు గట్టి ఫిల్టర్ కాఫీ తాగినట్టు. నిద్రకి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక అధ్యయనం కొలిచి చూపింది. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, ఆకలికి ఇంకో బర్నర్, ఆ బర్నర్‌తో ఇంకాస్త నిద్ర పోతుంది.

కెఫీన్ ఇంధనం కాదు. అలసట చెప్పే అడినోసిన్ సంకేతాన్ని మెదడుకి వినపడకుండా చేస్తుంది, అంతే. గ్లైకోజెన్ లేదన్న సంగతి దాస్తుంది, గ్లైకోజెన్ నింపదు. తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే బరువుతో మూడు సెట్ల రెప్స్ రాసుకోండి. మొదటి సెట్ 8, రెండోది 7, మూడోది 4 అయితే ఇంధనం చాలట్లేదు, ముందు తినే కార్బ్స్ 30 గ్రాములు పెంచండి. మొదటి సెట్టే 5 దగ్గర ఆగితే నిద్ర, విశ్రాంతి లేవు, తిండి పెంచినా వెంటనే మారదు. అమీర్‌పేట్ గారికి రెండూ ఉన్నట్టున్నాయి. సాయంత్రం స్కూప్ మానండి, కానీ ఒక్కరోజులో సున్నా చేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి తప్పదు. వారం పాటు సగం, తర్వాత పావు.

ఉప్పల్_మెట్లు
గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, ఎల్-కార్నిటిన్, యోహింబిన్ కలిపిన క్యాప్సూల్స్ పరగడుపున వేసుకుని కార్డియో చేస్తే కొవ్వు ఎక్కువ పోతుందంటారు. ఇందులో నిజం ఎంత?

ఫార్మా_డెస్క్
కార్నిటిన్ పరగడుపున వేసుకోవడం దండగ. అది కండరంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో 24 వారాల పాటు రోజుకి రెండుసార్లు 2 గ్రాముల కార్నిటిన్‌ని 80 గ్రాముల కార్బ్స్‌తో కలిపి ఇచ్చారు, అప్పుడు కండరంలో 21 శాతం పెరిగింది. అంటే రోజుకి 160 గ్రాముల పంచదార సరుకు. కటింగ్‌లో ఉన్నవాళ్లకి ఆ బేరం గిట్టదు.

గ్రీన్ టీ తాగడం వేరు, ఎక్స్‌ట్రాక్ట్ మింగడం వేరు. అందులోని ఈజీసీజీ రోజుకి 800 మి.గ్రా., ఆపైన అయితే కాలేయం ఎంజైములు పెరుగుతాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లో హెచ్చరించింది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే డబ్బా పారేసి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి.

యోహింబిన్ పనిచేసే దారిని ఇన్సులిన్ మూసేస్తుంది, అందుకే పరగడుపున అంటారు. దక్కే లాభం కొద్దిగానే, గుండెదడ, బీపీ, ఆందోళన మాత్రం బాగానే వస్తాయి. కెఫీన్‌తో కలిస్తే ఇంకా. బీపీ ఉన్నవాళ్లు, మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు జోలికి పోవద్దు.

కొంపల్లి_కట్స్
టీ3 (థైరాయిడ్ హార్మోన్), క్లెన్ (క్లెన్‌బ్యుటెరాల్) మీద ఉన్నప్పుడు రిఫీడ్ (ఒక పూట కార్బ్స్ భారీగా తినడం) ఎప్పుడు పెట్టాలి? వారానికోసారి రాత్రి బిర్యానీతో 500 కార్బ్స్ అని ఒక ప్లాన్ తిరుగుతోంది.

ఫార్మా_డెస్క్
ఆ రెండింటి మోతాదులూ, సైకిళ్లూ ఇక్కడ రాయను. ఆ ప్లాన్ ఎందుకు ప్రమాదమో మాత్రం పూర్తిగా చెబుతాను.

థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన ఒంట్లో కణాల గోడల మీది పంపులు పొటాషియంని రక్తంలోంచి లోపలికి లాగుతుంటాయి. కార్బ్స్ భారీగా తింటే ఇన్సులిన్ లేచి అదే పని ఇంకా గట్టిగా చేయిస్తుంది. క్లెన్ కూడా అదే పని చేస్తుంది. ఇప్పుడు శనివారం లెగ్ డే, రాత్రి పెద్ద బిర్యానీ, తర్వాత పడక. మూడూ ఒకచోట కలిశాయి. తెల్లవారుజామున లేవబోతే తొడలు కదలవు. స్పర్శ తెలుస్తుంది, కాళ్లు మాత్రం మాట వినవు. దీన్ని థైరోటాక్సిక్ పీరియాడిక్ పెరాలసిస్ అంటారు, ఆసియా మగవాళ్లలో ఎక్కువ. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ కూడా తప్పుతుంది.

అలా అయితే ఇంట్లో కొబ్బరినీళ్లు తాగిస్తూ కూర్చోవద్దు, 108కి చేయండి. వాడినవన్నీ డాక్టరుకి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే పొటాషియం కణాల్లోంచి తిరిగి బయటికి వస్తుంది. ఎక్కువ ఎక్కిస్తే అటువైపు ప్రమాదం. ఈసీజీ చూస్తూ ఎక్కించాల్సిన మందు అది.

క్లెన్ ఒంట్లో సగం తగ్గడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. దడ వచ్చిందని రాత్రి మానేస్తే పొద్దుటికి పోదు. పోటీల్లో పాల్గొనేవాళ్లకి ఇది వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉంది. టీ3 కొవ్వుతోపాటు కండనీ తింటుంది, అంటే అన్ని స్క్వాట్లూ దేనికి చేశారో అదే పోతుంది.

ఎవరూ అడగకపోయినా డీఎన్‌పీ (డైనైట్రోఫినాల్ అనే రసాయనం) గురించి కూడా. 1930ల్లో అమెరికాలో బరువు తగ్గడానికి అమ్మి, చావులు చూసి 1938లో ఆపేశారు. కణంలో శక్తి తయారయ్యే చోట ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. జ్వరం మాత్రలు ఆ వేడిని దించలేవు, విరుగుడు లేదు. దాని మీద కార్బ్స్ ఎలా సర్దాలి అన్న ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే అది తినే పదార్థం కాదు.

అంబర్‌పేట్_ఐరన్
మెఫెంటర్మిన్ సూది ముచ్చట గూడ చెప్పాలె. మన సిటీల జిమ్‌ల చుట్టు అమ్ముతుంటే పట్టుకున్నరని పేపర్ల వస్తనే ఉంది. అది ఆపరేషన్ల బీపీ పడిపోతే లేపేతందుకు డాక్టర్లు ఇచ్చే మందు. ఏం తినకున్నా బరువు లేస్తది అంటరు. బీపీ ఎగబాకుతది, గుండె కొట్టుకునుడు ఎక్కువైతది, అలసట తెల్వదు, కీలు సతాయించినా తెల్వదు. అలవాటైతే సూది లేనిదే జిమ్‌కు కాలు పడదు. తమ్ముళ్లూ, గీ దిక్కు పోకుండ్రి.

ఎమర్జెన్సీ_నైట్‌డ్యూటీ
డాపా గురించి నేను రాస్తాను, ఈ థ్రెడ్‌లో ముఖ్యమైంది ఇదే అనుకుంటున్నాను. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో ముగిశాక మాత్ర బాగా చవకైంది, షాపుల్లో తేలిగ్గా దొరుకుతోంది. షుగర్, గుండె, కిడ్నీ రోగులకు అది నిజంగా మంచి మందు. చేసే పని ఏమిటంటే, కిడ్నీ వెనక్కి తీసుకోవాల్సిన గ్లూకోజ్‌ని మూత్రంలోకి వదిలేయడం.

"తిన్న కార్బ్స్ మూత్రంలో పోతాయి కదా" అని జిమ్‌లో దీన్ని ఇష్టపడతారు. కానీ తినేదే 30 గ్రాములైతే? ఇన్సులిన్ బాగా దిగిపోతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది, కాలేయం కీటోన్లు (కొవ్వు నుంచి వచ్చే ఆమ్లాలు) తయారుచేస్తూ పోతుంది. పైగా మూత్రం ఎక్కువై నీరు పోతుంది. కఠిన వ్యాయామం, ఉపవాసం, చెమట, మద్యం, వీటిలో ఏది తోడైనా రక్తం ఆమ్లంగా మారి కీటోఅసిడోసిస్ రావచ్చు. దీని మోసం ఎక్కడంటే, గ్లూకోమీటర్‌లో షుగర్ 150, 180 చూపిస్తుంది. మామూలు కీటోఅసిడోసిస్‌లో కనిపించే 400, 500 కనిపించవు. గ్యాస్ అనుకుంటారు, వడదెబ్బ అనుకుంటారు.

వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి, లేవలేనంత నీరసం. ఈ మాత్ర వాడేవాళ్లకి వీటిలో ఏదొచ్చినా మాత్ర ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి, "డాపా వాడుతున్నాను, రక్తంలో కీటోన్లు చూడండి" అని మీరే చెప్పండి. మూత్రం స్ట్రిప్ తక్కువ చూపించవచ్చు, దాన్ని నమ్ముకోవద్దు. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఈ మాత్ర ఆపిస్తారు, అంటే నిన్న మానేసినంత మాత్రాన ఇవాళ ప్రమాదం తీరలేదు.

షుగర్ ఉండి డాక్టర్ రాసినందుకు వాడేవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపకండి. అన్నం మానేసే ముందు, ఉపవాసం పెట్టే ముందు డాక్టరుతో మాట్లాడండి, అంతే. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు కార్బ్స్ తగ్గించినా వర్కౌట్ పెంచినా షుగర్ పడిపోతుంది. వాళ్ల జిమ్ బ్యాగ్‌లో గ్లూకోజ్ పొడి 15 గ్రాముల పొట్లం ఎప్పుడూ ఉండాలి.

మియాపూర్_మార్నింగ్
డాక్టర్ పర్యవేక్షణలోనే బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదులు వాడేవాళ్లు ఇప్పుడు జిమ్‌లో చాలామంది ఉన్నారండి. వాళ్లకి ఆకలే ఉండదు, 236 కార్బ్స్ ఎక్కడ తింటారు?

ఎమర్జెన్సీ_నైట్‌డ్యూటీ
తినలేరండి, తినక్కర్లేదు కూడా. వాళ్ల లెక్క ప్రొటీన్‌తో మొదలవ్వాలి. సెమాగ్లూటైడ్ మీద జరిగిన స్టెప్-1 ప్రయోగంలో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. అందులో కొందరికి స్కాన్ చేసి చూస్తే, పోయినదాంట్లో ఇంచుమించు 40 శాతం కొవ్వు కాని భాగం. అందుకే వారానికి కనీసం రెండు రోజులు వెయిట్స్, ప్లేటులో ముందు గుడ్లు, చికెన్, పనీర్ లేదా పప్పు, ఆ తర్వాతే అన్నం.

ఈ సూదులు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. మామూలు వాళ్లకి రెండు గంటల ముందు ఇడ్లీ సరిపోతే, వీళ్లకి మూడు గంటలు కావాలి. అదీ రెండు ఇడ్లీలు మించొద్దు. మోతాదు పెంచిన వారంలో వికారం ఎక్కువ, ఆ వారం లెగ్ డే సెట్లు సగం చేయండి. ఏమీ సహించకపోతే పల్చటి రాగిజావ గుక్కగుక్కగా. నీళ్లు ఆకలితోపాటు తగ్గిపోతాయి, ఫోన్‌లో అలారం పెట్టుకునైనా తాగాలి. పొట్ట పైభాగంలో మొదలై వెన్నుకి పాకే గట్టి నొప్పి వస్తే జిమ్ నొప్పి అనుకోవద్దు, పాంక్రియాస్ చూపించుకోవాలి.

జొన్నరొట్టె_లెక్క
ఆడవాళ్లకి ఒక హెచ్చరిక కలుపుతాను. 60 కేజీల్లో 45 కేజీలు కొవ్వు కాని బరువు అనుకుంటే, వ్యాయామంలో ఖర్చైంది తీసేశాక కూడా రోజుకి 1,350 కేలరీలు మిగలాలి, అంటే కేజీకి 30. దానికంటే కిందికి నెలల తరబడి పోతే నెలసరి తప్పుతుంది, ఎముక పలచబడుతుంది. 1,200 కేలరీల డైట్ చార్టు, దాని మీద గంట జుంబా, దాని మీద బర్నర్ అంటే సరిగ్గా ఆ గోతిలోకే. నెలసరి ఆగడం డైట్ బాగా పనిచేస్తోందనడానికి గుర్తు కాదక్కా, వెంటనే కార్బ్స్ పెంచాలి, గైనకాలజిస్టుకి చూపించుకోవాలి.

అమీర్‌పేట్_స్క్వాట్
అందరికీ థాంక్స్. మాత్ర కొనలేదు, కొనను. రేపటి నుంచి 280/175. స్కూప్ ఈ వారం సగం. ఒక్క అనుమానం: కార్బ్స్ పెంచగానే బరువు పెరుగుతుంది కదా, అది కొవ్వా నీరా ఎలా తెలుస్తుంది? ఆదివారం బిర్యానీ మాటేమిటి?

జొన్నరొట్టె_లెక్క
మొదటి వారం కేజీ, కేజీన్నర పెరుగుతుంది, ఖాళీ అయిన గ్లైకోజెన్ నీళ్లతో సహా తిరిగి నిండుతోంది. దాన్ని చూసి కార్బ్స్ కోయకండి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు రాసుకోండి, ఏడు రోజుల సగటుని పక్క వారం సగటుతో పోల్చండి. నడుము బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, వారానికోసారి టేపుతో. మూడో వారం నుంచి సగటు వారానికి 400 నుంచి 600 గ్రాములు దిగుతుంటే ఏమీ మార్చొద్దు. రెండు వారాలు సగటు కదలకపోతే విశ్రాంతి రోజుల్లో 40 గ్రాముల బియ్యం తీసేయండి, వర్కౌట్ రోజులు ముట్టుకోవద్దు.

బిర్యానీ ఆదివారం మధ్యాహ్నం తినండి, సోమవారం లెగ్ డే పెట్టుకోండి. హోటల్ ప్లేటుని ఇద్దరు పంచుకుని, అడుగున నూనె పట్టిన మెతుకులు వదిలేసి, ముక్కలు ముందు తినండి. సోమవారం కాంటా ఎక్కకండి, ఆ ఉప్పూ నీరూ దిగడానికి బుధవారం దాకా పడుతుంది.